చప్పట మొహం, తెల్ల గీత

ఈ సంగతి ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు కాబట్టి. సిగ్గుపడి దాచుకున్నదీ కాదు, తీరిక దొరకకా కాదు. ఒడిశాలో కొడల దగ్గర మా ఊళ్లో బడి ఉండేది. బడిలో ఒడియా, మా ఇంట్లో తెలుగు. వెళ్లిన కొద్ది రోజులూ చంకలో తమ్ముణ్ని పెట్టుకుని గుమ్మం పక్కన కూర్చున్నాను. వాడు ఏడిస్తే బయటికి, ఊరుకుంటే లోపలికి. ఆ రాకపోకల్లో అక్షరాలు నాకు పట్టుబడలేదు. అంకెలు మాత్రం బస్సుల మీదా నోట్ల మీదా చూసిచూసి వాటంతటవే వచ్చాయి. నలభై దాటాక అక్షరాల్లోకి దిగాను, అదీ తలకిందులుగా: ముందు ఇంగ్లీషు, తర్వాత ఒడియా, అన్నిటికన్నా ఆఖరున నా సొంత భాష. ఎందుకలా జరిగిందో చెప్పడానికే ఇది.

ఇప్పుడు పని మానేశాను. టంకం పొగకి కళ్లు పాడయ్యాయి. ఆ పనే నేర్చుకుంటున్న ఆడపిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొస్తారు. కంప్యూటరులో సర్క్యూట్ బొమ్మ గీసి, అది పనిచేస్తుందో లేదో ముందే చూసుకుని, ఆ తర్వాతే టంకం పెట్టే ఐరన్ వేడి చేస్తారట. "మీ రోజుల్లో ఇదెక్కడిది అత్తా" అంటారు. ఉండేదమ్మా. ఒక్కసారి మా కొట్టుకీ వచ్చింది. అది వచ్చిన రోజు మా పని ఊడినంత పనైంది.

మా కొట్టు బరంపురంలో, గేట్ బజార్ వెనక సందులో, ఒక బట్టల గోదాము పైనున్న గది. దాని యజమాని బడిలో సైన్సు చెప్పి రిటైరైన తెలుగాయన. అందరం మాస్టారనే వాళ్లం. మైకులో పలికిన చిన్న గొంతుని లౌడ్‌స్పీకర్ హారన్ దాకా పెద్దది చేసి పంపే పెట్టెలు చేసేవాడు. పెళ్లిళ్లకి, యాత్రలకి, పంచాయితీలకి. ఎవరైనా ఆంప్లిఫయర్ అంటే మాకు కొత్తగా ఉండేది. మాకది సెట్టు. లెక్కలన్నీ ఆయనే వేసేవాడు, పాత క్యాలెండరు కాగితాల వెనక పెన్సిలుతో. ఆ లెక్క ప్రకారం బోర్డు మీద ముక్కలు అతకడం మా ఇద్దరి పని. నాతో పాటు ఇంకొక ఆవిడ ఉండేది, నాకన్నా పెద్దది, ఒడియా ఆవిడ. మేమందరం ఆమెని మావుసి అనేవాళ్లం, అంటే పిన్ని. మా మధ్య మసిలి తెలుగు బాగా వచ్చేసింది.

మా ఇద్దరికీ చదువు రాదని మాస్టారికి తెలుసు. దానికి ఆయనే ఒక దారి కనిపెట్టాడు. రెసిస్టెన్స్ మీద రంగు చారలుంటాయి కాబట్టి దానితో గొడవ లేదు, రంగు చూసి పెడతాం. ట్రాన్సిస్టర్ అలా కాదు. మిరియపు గింజకన్నా కాస్త పెద్దది, నల్లది, మూడు కాళ్లు, ఒక పక్క చప్పటగా ఉంటుంది. ఏ కాలు ఎందులోకి పోవాలో తప్పితే పని చెడుతుంది. అందుకని మాస్టారు ప్రతి బోర్డు మీదా ట్రాన్సిస్టర్ కూర్చునే చోట పక్కన తెల్ల రంగుతో చిన్న గీత గీసేవాడు. "సప్పట మొకం గీతకి. అంతే గుర్తెట్టుకోండి" అనేవాడు. ఆ చప్పట మొహం మీద ఏదో సన్నగా రాసి ఉంటుందని నాకు తెలుసు. రాసినవన్నీ వేరే వాళ్ల కోసం అనుకునేదాన్ని, రోడ్డు మీద బోర్డుల్లాగే. ఆ గీత పట్టుకుని మేం ఏళ్ల తరబడి పని చేశాం, ఒక్క సెట్టూ తిరిగి రాలేదు.

తిరిగొచ్చిన మొదటి సెట్టు పొడంపేటది.

పొడంపేట అంటే రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఉన్న చేపల పల్లె. అక్కడి వాళ్లు తలా కొంత వేసుకుని, గాలివాన కబురు ఊరంతటికీ, ఒడ్డున పడవల దగ్గరున్న వాళ్లకీ చెప్పడానికి సెట్టు చేయించుకున్నారు. తీసుకెళ్లిన కొద్ది రోజులకే ఆ ఊరి పెద్ద మళ్లీ మెట్లెక్కి వచ్చి, పెట్టె బల్ల మీద పెట్టాడు.

"మాస్టారూ, మీ సెట్టు మంచిదే గాని సముద్రం ఒప్పుకోనేదు."

"ఏటయింది బాబూ?"

"ఏటవుతాది. హారన్ కట్టినాం. నాను మైకట్టుకుని గొంతు సించుకున్నాను. పడవల కాడ ఉన్నోలకి ఒక్క ముక్క ఇనబళ్నేదు. అప్పుడు మా యావిడ ఇంటి కాణ్నించి ఒక్క కేకేసింది. అందరూ తిరిగి సూసినారు. మీ పెట్టి కంటే అదే నయం, దానికి కరెంటు కూడా అక్కర్నేదు."

మావుసి పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన కూడా నవ్వబోయి మానేశాడు.

"నవ్వులాటకి సెప్పినాను గాని మాస్టారూ, గాలి రోజులొత్తన్నాయి. రేడియోలో ఎల్లొద్దని సెప్తే ఆ మాట నాను మైకులో సెప్పాల. ఇనబడకపోతే పడవెల్లిపోతాది. ఎల్లినోడు తిరిగొస్తాడని నమ్మకం నేదు. పున్నం లోపల బాగు సేసియ్యండి. అవకపోతే సెప్పియ్యండి, ఇంకో దారి సూసుకుంటాం."

ఆ చివరి మాటలో కోపం లేదు. అందుకే మాస్టారికి తగిలింది.

ఆయన వెంటనే మీటరు తీశాడు. ఆ పెట్టెలో మైకు గొంతుని ముందుగా అందుకునే చిన్న బోర్డు ఉంటుంది, అది మా చేతి పని. దానికిచ్చే కరెంటు ఆరు వోల్టులు. ట్రాన్సిస్టర్ నుంచి గొంతు బయటికొచ్చే చోట ఆ ఆరులో సగం, అంటే మూడు దగ్గర ముల్లు నిలబడాలి. ఉయ్యాల లాంటిదది. మధ్యలో ఉంటే ముందుకీ వెనక్కీ సమానంగా ఊగుతుంది. గోడకి ఆనించి కడితే ఊగదు. ముల్లు ఐదు దాటి ఉంది. మాస్టారు దుకాణంలో మిగిలిన బోర్డులు రెండూ తీసి చూశాడు. అవీ ఐదు దాటే ఉన్నాయి. ఆ చిన్న గదిలో వినిపించినంతలో ఎవరికీ తేడా తెలియలేదు. గదిలో ఏ గొంతైనా పెద్దదే.

మర్నాడంతా ఆయన లెక్క మళ్లీ వేశాడు. క్యాలెండరు కాగితాలు అయిపోతే గోడ మీదున్నది చించాడు, ఆ నెల ఇంకా నడుస్తూనే ఉంది. సాయంత్రం పెన్సిలు పక్కన పెట్టి మాతో అన్నాడు:

"నా లెక్కే తప్పి ఉంటాది. ఎక్కడో కనబడ్డం లేదు. వయసైపోయింది నాకు. ఆ ఊరోళ్లకి కోల్‌కతా నుంచి రెడీమేడ్ సెట్టు తెప్పించి ఇచ్చేద్దాం. ఇంక తయారీ కట్టిపెట్టేద్దాం."

తయారీ లేకపోతే మేం లేము. అది ఆయన అనలేదు, అనక్కర్లేదు. మావుసి చేతిలో ఐరన్ చల్లారేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది. నేను ఇంటికెళ్తూ దారిలో బీడీలు చుట్టే ఇంటి ముందు ఆగి, పని ఉందా అని అడిగాను కూడా. ఆకు కోయడం వచ్చా అంది ఆవిడ. రాదన్నాను.

మాస్టారికి ఒక మేనకోడలుంది. పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పేది. మామయ్య దిగులుగా ఉన్నాడని ఎవరు చెప్పారో, తర్వాతి రోజు లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని వచ్చింది.

"మామయ్యా, ఏటలాగ కూసున్నావ్? నీ లెక్క ఇటియ్యి. దీనికి సెప్దాం."

"అది నా పేపరు దిద్దుతాదా?"

"దిద్దదు. నువ్వు గీసిన బొమ్మ ఇందులో గీస్తాను. ఏ ముక్క ఎంతో సెప్తాను. కరెంటు పెడితే ఎక్కడెంత ఉంటాదో అదే లెక్క కట్టి సూపిస్తాది. టంకం అక్కర్లేదు, పొగ ఉండదు."

ఆ అమ్మాయి తెర మీద గీతలు గీస్తుంటే నేను దూరం నుంచి చూశాను. రెసిస్టెన్సులు రంపపు పళ్లలా ఉన్నాయి. మా నల్ల గింజ గుండ్రని సున్నాలో బాణంలా ఉంది. నాకదేదీ మా బోర్డులా కనిపించలేదు. మాస్టారు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఎన్ని వందల మంది పిల్లలకి మార్కులు వేసుంటాడో, ఆయనే ఆ రోజు ఫలితాల కోసం కూర్చున్న పిల్లాడిలా ఉన్నాడు.

"మామయ్యా, నువ్వెంతన్నావ్? మూడు కదా? ఇది రెండూ తొంభై సెప్తంది."

"సూసావా, తప్పే!"

"తప్పు కాదు. బేస్‌లోకి, అదే నడిమి కాల్లోకి, పోయే కరెంటు శానా తక్కువ, వదిలెయ్యొచ్చని నువ్వే నాకు నేర్పావు. నువ్వు వదిలేశావ్. ఇది వదల్దు. నువ్వు గుప్పెడుతో కొలిచావ్, ఇది తరాజుతో కొలిచింది. బియ్యం అవే."

మాస్టారు ఇటు తిరిగాడు. తెర దగ్గరికొచ్చి కళ్లద్దాలు పైకీ కిందికీ జరిపి, ఒక్కొక్క అంకె ఆ అమ్మాయి చేత చదివించుకున్నాడు. గొంతు ఎంత పెరగాలో అదీ చూపించింది, సన్నని అల ఒకటి, పక్కన పెద్ద అల ఒకటి. ఆయన ముఖం తేటపడింది. "ఐతే నా లెక్క సరైందే" అన్నాడు. మళ్లీ అన్నాడు.

రెండోసారి అన్నాక ఆయనకే ఏదో తోచింది. మెల్లగా తల తిప్పి మా బల్ల వైపు చూశాడు.

లెక్క సరైందైతే ఇక మిగిలినవి మా చేతులే కదా. ఆ చూపులో నింద లేదు. తిట్టి ఉంటే ఎదురు చెప్పేదాన్ని. మావుసి తల వంచేసుకుంది. నాకు మాత్రం నోరు ఊరుకోలేదు.

"మాస్టారూ, ఒక సెయ్యి తప్పితే ఒక బోర్డు పోతాది. ఇక్కడ మూడు బోర్డులు, అందులో రెండు నావి, ఒకటి మావుసిది. ఇద్దరం ఒక్కలాగే ఎలా తప్పుతాం?"

"నేనేటీ అన్లేదమ్మా" అన్నాడాయన. అనలేదు, నిజమే.

మేనకోడలు మా ఇద్దరినీ చూసి, పక్కనున్న స్టూలు లాగింది. "అక్కా, ఇలా కూసో. మావుసీ, నువ్వూ రా. ఈ పనిలో సేతులు సేసే తప్పులు ఏవేవి ఉంటాయో సెప్పండి. మీరు సేశారని కాదు. ఎవరైనా సేసేవి. ఆ తప్పులన్నీ ఒక్కొక్కటీ ఇందులో కావాలని సేస్తాను. ఏ తప్పుకి ఐదు దాటుతాదో సూద్దాం."

మావుసి నా చెయ్యి గిల్లింది. "ఆలో పిల్లా, బుర్ర ఉందా నీకు? మన తప్పులన్నీ మనమే ఆ మిషన్‌కి సెప్పేస్తే, రేపు అదే సాక్షి సెప్తాది."

"సెప్పకపోతే రేపు బీడీలు సుడతావేటి?" అన్నాను.

నేనే మొదలెట్టాను. టంకం పైకి మెరుస్తూ కనబడి లోపల అంటుకోదు ఒక్కోసారి. ఆ అమ్మాయి తెర మీద ఒక గీత తెంపింది. అంకెలు నాకొచ్చు కాబట్టి ఐదు కోసం చూస్తూ కూర్చున్నాను. ఆరు వచ్చింది. కాదు. కండెన్సర్ తలకిందులుగా పెడతాం కంగారులో. అంకె దాదాపు కదల్లేదు. కాలు విరిగి బోర్డులోనే ఉండిపోతుంది. మళ్లీ ఆరు. అప్పటికి మావుసికి భయం పోయి పంతం వచ్చింది. నన్ను పక్కకి నెట్టి ముందుకి జరిగింది.

"ఎర్ర సార, నారింజ సార నాకు సాయంత్రం పూట ఒక్కలాగే కనబడతాయి. అది పెట్టి సూడు."

"ఏటీ?" అన్నాడు మాస్టారు.

"నేను సేశానన్లేదు. ఎవరైనా."

పెట్టింది. రెండుకి కిందకి పోయింది. మావుసి నిట్టూర్చింది, నిర్దోషి అయినందుకో, తన తప్పు పనికిరానందుకో నాకు తెలియలేదు.

"ఇంకేటి?" అంది మేనకోడలు.

"ఇంక నల్ల గింజ తిప్పి పెట్టడం. అది మాత్రం మేం సెయ్యం" అన్నాను. "గీత ఉంది కదా."

"సేసినట్టు అనుకుందాం." ఆ సున్నాలో బాణాన్ని ఆ అమ్మాయి తల్లకిందులు చేసింది. మీట నొక్కింది.

"ఐదు!" అని అరిచాను. గది కింద గోదాములో బట్టలు మోసే వాళ్లు తలెత్తి చూసి ఉంటారు.

ఐదు మీద కొంచెం. మీటరు చూపినంతే కాదు గాని, ఆ గుమ్మం ముందే. గొంతు పెద్దదయ్యే అల కూడా చిక్కిపోయి నీరసంగా పాకుతోంది. ట్రాన్సిస్టర్ తిరగబడితే పూర్తిగా చచ్చిపోదట, ఎడం చేత్తో అన్నం తినేవాడిలా ఎలాగో నెట్టుకొస్తుందట.

నా అరుపు నాకే అడ్డం తిరిగింది. ఐదు దొరికింది, దొరికింది మా చేతి తప్పు దగ్గర. బోర్డు తెచ్చి కిటికీ దగ్గర పెట్టాం. చప్పట మొహం గీత వైపే ఉంది. రెండో బోర్డు, మూడోది, అన్నీ గీత వైపే ఉన్నాయి.

"ఠిక్ అఛి!" అంది మావుసి, సరిగ్గానే ఉందని. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "సూడండి మాస్టారూ, సూడండి, ఠిక్ అఛి!"

ఎవరి లెక్కా తప్పలేదు, ఎవరి చెయ్యీ తప్పలేదు. సెట్టు మాత్రం పలకడం లేదు. నలుగురం ఆ బోర్డు చుట్టూ నిలబడిపోయాం.

అప్పుడు మేనకోడలు డబ్బాలోంచి కొత్త నల్ల గింజ ఒకటి తీసింది. వేలి మీద పెట్టి ఫోనుతో ఫోటో తీసి, ఆ ఫోటోని పెద్దది చేసింది. చదివింది. మామయ్య కాగితం చూసింది. మళ్లీ చదివింది.

"మామయ్యా, నువ్వు బీ, సీ అని ఇంగ్లీషులో రాసుండే రకం కదా రాశావ్. ఇది వేరేది."

"అవే కదా. మొన్నామధ్య అవి దొరక్కపోతే కొట్టువాడు ఇవీ అవే పని సేస్తాయని ఇచ్చాడు."

"అవే పని సేస్తాయి. అబద్ధం సెప్పలేదు పాపం." ఫోనులో ఏదో వెతికి, రెండు బొమ్మలు పక్కపక్కన చూపించింది. రెండూ ఒకే గింజ, ఒకే చప్పట మొహం. కాళ్ల వరస మాత్రం ఒకదానికి ఎడమ నుంచి కుడికి, రెండోదానికి కుడి నుంచి ఎడమకి. నడిమి కాలు ఒక్కటే రెండింటికీ ఒకచోటే. "గీత పాత రకానిది. గింజ కొత్త రకానిది. మీరెంత సరిగ్గా పెడితే అంత తిరగబడ్డట్టు."

మాస్టారు కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోదానికి కావాలి. ఆ సన్నటి రాత ఆయనకి కనబడి ఏడాది పైనే అయిందని అప్పుడే ఒప్పుకున్నాడు.

"సదివినోడికి కళ్లు లేవు. కళ్లున్నోళ్లకి సదువు లేదు. బలే కొట్టు పెట్టాను" అన్నాడు. ముందు ఆయనే నవ్వాడు.

మేమూ నవ్వాం. మావుసి అందరికన్నా గట్టిగా నవ్వింది. నేను నవ్వుతూనే ఆ గింజని అరచేతిలో పెట్టుకుని చూశాను. ఆ రాత నాకు స్పష్టంగా కనబడుతోంది. కొన్నాళ్లుగా రోజూ వేళ్ల మధ్యనే ఉంది. పొడంపేటలో పడవల దగ్గరున్న వాళ్లకి ఎందుకు వినబడలేదో, ఆ సంగతంతా దాని మొహం మీదే ఉంది. నేను దాన్ని మరకలా చూశాను, అంతే.

మధ్యాహ్నం అన్నాలు కూడా మానేసి గింజలన్నీ పీకి తిప్పి పెట్టాం. చప్పట మొహం గీతకి కాకుండా, వీపు గీతకి. చేతులు ఒప్పుకోలేదు. చెప్పులు కాళ్లు మార్చి వేసుకున్నట్టుంది. మీటరు ముల్లు మూడు దగ్గరికొచ్చి నిలబడింది. మాస్టారు దాన్ని అలా చూస్తూ ఉండిపోయాడు. పొడంపేట ఆయనకి ఫోను చేస్తే, ఆ పొద్దున్నే చేపల బండిలో బరంపురం వచ్చి ఉన్నాడట, అదే బండిలో పెట్టె పట్టుకుపోయాడు.

పొద్దు వాలే వేళకి ఫోనొచ్చింది. మాస్టారు మా అందరికీ వినబడేలా పెట్టాడు. ముందు గాలి హోరు. తర్వాత పొడంపేట పెద్ద గొంతు.

"మాస్టారూ! ఇనబడింది. పడవల కాడోలే కాదు, అవతల వల లాగతన్నోలు కూడా సెయ్యెత్తినారు. మా యావిడ గుమ్మంలో నిలబడి సెవులు మూసుకుంటంది. 'ఇంక నా మాటెవుడు ఇంటాడు' అని తిడతంది మిమ్మల్ని."

"ఆవిణ్ని కూడా మైకులో తిట్టమను, ఇంకా బాగా ఇనబడతాది" అన్నాడు మాస్టారు. అంత హుషారుగా ఆయన మాట్లాడి చాన్నాళ్లయింది. కోల్‌కతా సెట్ల మాట మళ్లీ ఎత్తలేదు. తర్వాత ఏళ్లలో గాలివానలు వచ్చాయి. ఊరు ఖాళీ చేయమన్న కబురు ఆ పెట్టెలోంచే వెళ్లిందని విన్నాను. అది మా గొప్ప కాదు, ఆ ఊళ్లో మైకు పట్టుకుని చివరిదాకా నిలబడినాయనది.

పిల్లలూ, కంప్యూటరు మంచిదే. మా ఇద్దరినీ అదే గట్టెక్కించింది. మీరు ఏది చెబితే దానికే అది లెక్క కడుతుంది. డబ్బాలో ఏముందో దానికి తెలీదు. అది మీరే చదవాలి.

మర్నాడు పొద్దున్న గోదాము తలుపు తీయక ముందే వెళ్లి, మెట్ల మీద కూర్చున్నాను. మాస్టారు వచ్చి తాళం తీశాక, పాత డబ్బా అడుగున ఎక్కడో మిగిలిపోయిన పాత రకం గింజ ఒకటి వెతికి పట్టుకున్నాను. కిటికీ దగ్గర వెలుతురులో దాన్ని పెట్టి, సుద్దముక్క తీసుకుని, ఆ మొహం మీద మొదట ఏముందో చూసి చూసి గచ్చు మీద వేశాను. నిలువు గీత, దానికి రెండు బొజ్జలు. పక్కనే కొరికిన అప్పడం లాంటిది ఇంకొకటి. మావుసి మెట్లెక్కి వస్తూ దాన్ని తొక్కబోయింది. "ఆగు మావుసీ, దాటి రా" అన్నాను.